తాబేళ్ళకు కాపుగాసిన పల్లెలు

ఉగాదినాడు మనము వేపపూత పచ్చడి తిని, పంచాంగ శ్రవణము విని, సాయంకాలము సభకు చేరుకొనే వేళకు, బరంపురానికి ముప్పై కిలోమీటర్ల పైచిలుకు దూరములో, ఋషికుల్య సముద్రములో కలిసేచోట ఇసుక క్రింద లక్షలాది గుడ్లు ఉంటవి. పెట్టిన తల్లులు ఎప్పుడో వెళ్ళిపోయినవి. ఎండకు కాగిన ఇసుకే వాటిని పొదుగుతుంది. పండుగ ఒక ఏడు ముందుకు, ఒక ఏడు వెనుకకు జరుగుతుంది గాని, ఇంచుమించు ఆ రోజులలోనే పిల్లలు ఇసుక చీల్చుకొని వచ్చి నీటివైపు నడక సాగిస్తవి.

గంజాం ఆంధ్రుల చరిత్ర అనగానే మనకు జ్ఞాపకము వచ్చేవి జమీందారీలు, దేవాలయములు, పర్లాకిమిడిలో గిడుగు రామమూర్తి పంతులుగారు సవర భాషకు చేసిన సేవ, 1894లో ఈ బరంపురములోనే పుట్టి దేశాధ్యక్షులైన వరాహగిరి వేంకటగిరిగారు, 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రము ఏర్పడి జిల్లా రెండుగా చీలుట. ఇవన్నీ చెప్పుకొనవలసినవే. కాని ఈ తీరమున ఇంట తెలుగు మాట్లాడుకొంటూ, వలలతో బ్రతుకుతూ, ఒక ప్రాణికి కాపుగాసినవారి సంగతి చరిత్రలో భాగమని మనకు తోచలేదు. ఆ లోపము కొంతవరకైనా తీర్చవలెనని ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాము.

ముందు చోటు సంగతి. ఋషికుల్య పురాణములలోని నదుల పేర్లలో కనిపించే నది. కొంధమాల్ కొండలలో దారింగిబాడి దగ్గర పుట్టి, నూట అరవై కిలోమీటర్లకు పైగా ప్రవహించి, గంజాం పట్టణము ప్రక్కన పురుణబంధ గ్రామమువద్ద సముద్రములో పడుతుంది. ఇంగ్లీషువారు 1768లో ఇక్కడనే కోట కట్టుకొన్నారు. పొటాగఢ్ అని ఇప్పటికీ దాని గోడలు ఉన్నవి. గంజాం పట్టణమే మొదట జిల్లాకు కచేరీ ఉన్న ఊరు. 1815లో విషజ్వరములు వచ్చి జనము మలమలమాడిపోగా కచేరీలు అక్కడినుండి లేచిపోయినవి. బరంపురము, ఛత్రపురము పెద్దవి కావటానికి అదే కారణము. ఇటు హుమ్మా ఉప్పుమళ్ళు, అటు గోపాలపురము రేవు. ఆ రేవునుండి మన ప్రాంతపు కూలీలు ఎంతమంది రంగూను స్టీమరు ఎక్కినారో లెక్కలేదు. ఇంత రాకపోకలు, ఇంత కచేరీ వ్యవహారము ఉన్న చోటనే, తాబేళ్ళు వేలసంఖ్యలో ఒక్కుమ్మడిగా ఒడ్డుకెక్కి గుడ్లు పెడుతున్నవని శాస్త్రజ్ఞుల పుస్తకములకు ఎక్కినది 1994లో మాత్రమే! దేహ్రాదూనులోని వన్యప్రాణి పరిశోధన సంస్థకు చెందిన బివాస్ పాండవ్‌గారు ఆ సంవత్సరము ఈ సంగతిని లోకమునకు తెలిపినారు. అంతకుముందు ఒరిస్సా తీరములో ఇటువంటి చోట్లు రెండే తెలిసియుండెను: 1974లో వెల్లడియైన గహిర్మఠ, 1981లో వెల్లడియైన దేవీనది ముఖద్వారము.

ఈ తాబేలును ఇంగ్లీషువారు ఆలివ్ రిడ్లే అని పిలుస్తారు. డిప్ప ఆలివు కాయ రంగున ఉండుటచేత ఆ పేరు వచ్చినది. సముద్రపు తాబేళ్ళలో ఇది చిన్నజాతి. చిన్నది అన్నా నలభై కిలోలకు అటూఇటూ తూగుతుంది. సంవత్సరములో ఎక్కువ భాగము సముద్రములోనే. శీతకాలము రాగానే ఈ తీరపు నీళ్ళలో ఆడవి మగవి గుంపులు కడతవి. ఫిబ్రవరి, మార్చి నెలలలో దక్షిణపుగాలి బలముగా వీచే రాత్రులు చూచుకొని ఆడతాబేళ్ళు ఒడ్డుకెక్కుతవి. వెనుక కాళ్ళతో మోచేతి లోతున గుంట త్రవ్వి, నూరు, నూట ఇరవై గుడ్లు పెట్టి, ఇసుక కప్పి, ఆ ఇసుకమీద తన ఒళ్ళుతో దబదబ కొట్టి గట్టిపరచి, వెనుదిరిగి చూడకుండ నీటిలోకి పోతుంది. గంటసేపటి పని. ఆ సమయమున కంటినుండి నీరు కారుతుంది. ప్రసవవేదనచేత ఏడుస్తున్నదని చూచినవారు అనుకొంటారు. ఒంటిలోని అధికమైన ఉప్పును కంటి దగ్గర ఉన్న గ్రంథులు బయటికి పంపుట అని శాస్త్రజ్ఞులు చెప్పుతారు. రెండూ విన్నాము, ఒడ్డున నిలబడి చూచే వేళ రెండవది జ్ఞప్తికి రాదు.

నలభై అయిదు మొదలు అరవై దినములలో గుడ్లు పగులుతవి. ఇసుక వేడి ఎక్కువైతే ఆడపిల్లలు, తక్కువైతే మగపిల్లలు ఎక్కువగా పుడతవి. పుట్టినవాటిలో పెరిగి పెద్దదై తిరిగి వచ్చేది వేయింటికి ఒక్కటి అని లెక్క చెప్పుతారు. కుక్కలు, నక్కలు, కాకులు, గ్రద్దలు, నీటిలో చేపలు అన్నీ కాచుకొని ఉంటవి. అందుచేతనే కాబోలు, ప్రకృతి ఈ ప్రాణికి ఒక్కుమ్మడిగా వచ్చే బుద్ధి ఇచ్చినది. ఎన్ని తిన్నా ఇంకా మిగిలేటట్లు.

మనుష్యుని ఆకలికి మాత్రము ఆ లెక్క సరిపోలేదు. గహిర్మఠలో గుడ్లు ఏరుకొనుటకు ఒకప్పుడు ప్రభుత్వమే లైసెన్సులు ఇచ్చేది. పడవలకు పడవలు గుడ్లు కలకత్తా చేరేవి. ఈ వ్యాపారము 1970 దశకము నడుమ ఆగినది. ఆ తరువాత కూడ తాబేళ్ళనే పట్టి కలకత్తాకు పంపుట కొన్నాళ్ళు సాగినది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము, 1980 దశకములో తీరరక్షక దళమువారి గస్తీ కలిసి దానిని అణచివేసినవి. కాని అప్పటికి మరొక మృత్యువు వచ్చియున్నది. అదే ట్రాలరు, అడుగునుండి ఊడ్చుకొనిపోయే వలతో వచ్చిన పెద్ద మరపడవ. తాబేలు చేప వంటిది కాదు. ఊపిరికోసము పైకి రావలె. వలలో చిక్కి పైకి రాలేక చచ్చిపోతుంది. 1990 దశకము చివర ఒరిస్సా తీరములో ఒక్కొక్క ఏడు పది వేలకు మించి కళేబరములు ఒడ్డుకు కొట్టుకొని వచ్చినవి. తాబేలు తప్పించుకొనిపోయేందుకు వలలో అమర్చే కిటికీ వంటి సాధనము ఉన్నది. అది లేనిదే వల వేయరాదని ఆజ్ఞ కూడ ఉన్నది. అది అమర్చిన ట్రాలర్లు ఎన్నో, విప్పి గూటిలో పెట్టినవి ఎన్నో సముద్రమునకే తెలియవలె.

ఇక పల్లెల సంగతి. పురుణబంధ, గోఖరకుద, పొదంపేట, కంటియాగడ. పొదంపేట అన్నప్పుడు ఆ చివరి ‘పేట’ ఏ భాషదో మన చదువరులకు వేరే చెప్పనక్కరలేదు. గంజాం తీరములోని బెస్తవారిలో పెద్దభాగము వాడబలిజలు, జాలరులు. ఉత్తరాంధ్ర తీరములోని వారికి బంధువులు. ఒరియావారు వీరిని నోలియాలు అంటారు. పూరీలోను, గోపాలపురములోను స్నానమునకు దిగినవారి చెయ్యి పట్టుకొని అలలు దాటించే నోలియాలను మనలో ఎరుగనివారు లేరు. చెయ్యి పట్టుకొన్న ఆ మనిషి తెలుగువాడని తెలిసి సంతోషించి, నాలుగు మాటలు మాట్లాడి, ఒడ్డు చేరగానే మరచిపోవుట మనకు అలవాటు. మా అలవాటు కూడ అదే.

వీరికి తాబేలు కొత్త కాదు. తాబేలు విష్ణుమూర్తి రెండవ అవతారమని, చంపరాదని, వలలో పడితే విడిచివేయవలెనని ఈ తీరమున పెద్దల మాట. పాత గంజాం జిల్లాలోనే, ఇప్పటి శ్రీకాకుళము దగ్గర శ్రీకూర్మము ఉన్నది. కూర్మావతారమునకు అటువంటి పెద్ద ఆలయము మరియొకటి వినము. ఆ గుడి ఆవరణలో నక్షత్రపు తాబేళ్ళను నేటికీ పెంచుతారు. అయితే భక్తి ఒక్కటే తాబేళ్ళను కాపాడినదని చెప్పుట సరికాదు. గుడ్లు తిన్నవారు, అమ్ముకొన్నవారు ఈ తీరమున కూడ ఉన్నారు. ఆకలి ఉన్నచోట అవతారముల మాట అన్నివేళలా చెల్లదు. గుడ్డి నమ్మకము కాక, కండ్ల ఎదుట జరిగేది చూచి, ఇది మనది, మనము చూచుకొనవలె అని కొందరు నడుము కట్టినారు. ముఖ్యమైన సంగతి అది.

1994 తరువాత పరిశోధకులు వచ్చి ఈ పల్లెలలోనే మకాము పెట్టినారు. వారికి లాంతరు పట్టుకొని ఇసుకలో దారి చూపినవారు, ఏ గాలికి తాబేళ్ళు వస్తవో చెప్పినవారు, రాత్రంతా కూర్చుండి లెక్కలు పెట్టినవారు ఈ ఊళ్ళ కుర్రవాళ్ళే. కూలికి కుదిరినవారు కొన్నాళ్ళకు పనిలో పెట్టుకొన్నవారికంటె తెలిసినవారైనారు. పురుణబంధ కేంద్రముగా ఋషికుల్య సముద్ర తాబేళ్ళ సంరక్షణ సమితి ఏర్పడినది అట్లాగే. గుడ్లు పెట్టే రోజులలో కుక్కలను, నక్కలను తోలుట, తీరమున పడియున్న తెగిన వలలు ఏరివేయుట, చూడవచ్చినవారు గుడ్లమీద త్రొక్కకుండ అడ్డము నిలుచుట వీరి పని.

పిల్లలు పుట్టే రోజులలో పని రెట్టింపు. పుట్టిన పిల్ల వెలుగున్న దిక్కుకు నడుస్తుంది. పూర్వము చీకటి రాత్రి సముద్రముమీద నక్షత్రకాంతి తప్ప వెలుగు లేదు కనుక ఆ బుద్ధి దానిని నీటికే చేర్చేది. ఇప్పుడు ఇటు రాజమార్గము దీపాలు, కర్మాగారముల దీపాలు, ఊరి వీధి దీపాలు. పిల్ల నీటికి వీపు త్రిప్పి ఊరివైపు నడిచి తెల్లవారేసరికి కాకుల నోటబడుతుంది. అందుకని అటవీశాఖవారు ఒడ్డు పొడుగున సన్నకంతల వల కంచెగా కడతారు. పల్లెవాళ్ళు, పిల్లలతో సహా, బాల్చీలు పట్టుకొని కంచె వెంబడి తిరిగి దారితప్పినవాటిని ఏరి, నీటి అంచున వదలుతారు. తాతల కాలమునుండి చేపలు మోసిన బాల్చీలే అవి.

దీనికి ఆ పల్లెలు పెట్టిన ఖర్చు ఏమిటో కూడ చెప్పవలె. పొగడి ఊరుకొంటే సగము చరిత్ర దాచినట్లే. ధమ్రా, దేవి, ఋషికుల్య నదుల ముఖద్వారములకు ఇరవై కిలోమీటర్ల వరకు నవంబరు 1 మొదలు మే 31 వరకు చేపల వేటపై నిషేధమున్నది. 1982 నాటి రాష్ట్ర సముద్ర మత్స్య చట్టము క్రింద ఈ ఉత్తరువు ఏటేటా వస్తుంది. గురి ట్రాలర్లమీదనే కావచ్చును. కాని నేటి బెస్తవాని చిన్నపడవకు కూడ మోటారు ఉన్నది గదా! తెడ్డు వేసుకొనే తెప్పల కాలము పోయినది. ఏడు నెలలు, అందులోను చేపలు బాగా పడే చలికాలము, అతనికి సముద్రము మూతబడుతుంది. దీనికి తోడు తూర్పు తీరమంతటా ఏప్రిల్ 15 మొదలు జూన్ 14 వరకు మరపడవలకు ఉండే అరవై ఒక్క రోజుల నిషేధము వేరే. రాష్ట్ర ప్రభుత్వము ఈ కుటుంబములకు సంవత్సరానికి కొన్ని వేల రూపాయల సహాయము ఇస్తున్నది. ఏడు నెలల కూటికి అది చాలునా అన్నది ఎవరింటి లెక్క వారు వేసి చూడవచ్చును. మగవారు సూరతు, చెన్నపట్టణము, కేరళ వైపు కూలికి పోవుట ఈ తీరమున సర్వసాధారణము. తాబేలును చంపేది పెద్ద ట్రాలరు, పస్తుండేది చిన్న పడవ. ఈ అన్యాయమును గురించి చెప్పకుండ, తాబేలుకు జై అనుట మాకు ఇష్టము లేదు.

సముద్రము విడిచి లోపలికి పోదాము. ఆస్కా, బుగుడా ప్రాంతములో బలిపదర్, భేట్నయి మొదలైన పల్లెల పొలాలలో కృష్ణజింకలు తిరుగుతవి. మన పాతవారు మగదానిని ఇర్రి అన్నారు. కృష్ణసారమృగము స్వేచ్ఛగా తిరిగే దేశమే యజ్ఞమునకు తగినదని మనుస్మృతి చెప్పుతుంది. శాకుంతలము మొదటి అంకములో దుష్యంతుని బాణము ముందు తాపసులు చేతులెత్తి నిలుచుట అందరమూ చదివినదే. భేట్నయి రైతులకు ఈ శాస్త్రములతో పని లేదు. వారు చెప్పే కథ వేరు. నూరేళ్ళకు పూర్వము వానలు లేక నేల బీటలు వారిన కాలములో కొద్ది జింకలు ఎక్కడినుండో వచ్చినవట; వాటి వెనుకనే వాన వచ్చినదట. నాటినుండి జింకను కొట్టరు, కొట్టనివ్వరు. పెసరచేలో పడి మేస్తున్నా అదిలించి ఊరుకొంటారు. బయటినుండి తుపాకితో వచ్చినవాడు ఊరివారి చేతిలో పడితే అతని పని అంతే.

రాజస్థానములో ఖేజడ్లీ గ్రామమున 1730లో చెట్లకోసము 363 మంది బిష్ణోయీలు ప్రాణములిచ్చిన కథ దేశమంతా ఎరుగును. మన జిల్లా రైతు ప్రాణమివ్వలేదు, పంట ఇచ్చినాడు. ఒక్కసారి కాదు, ఏటేటా. దాని ఫలము లెక్కలో కనిపిస్తుంది: 2011లో జిల్లాలో రెండు వేల పైచిలుకు జింకలు ఉండగా 2023 నాటికి ఏడు వేల ఏడువందలు దాటినవి. ఇక్కడ అభయారణ్యమని బోర్డు లేదు. బోర్డు ఉన్న చోటు సంగతి చూడండి. పూరీ దగ్గర బాలూఖండ్-కోణార్క అభయారణ్యమును 1984లో ఏర్పరచినారు. కృష్ణజింకలు దాని గొప్ప. అక్కడ అవి క్రమముగా తగ్గి, 2012 తరువాత కంటికే కనిపించలేదు. వాటిని మళ్ళీ అక్కడికి తేవలెనని ప్రయత్నములు ఇటీవలి మాట. అటవీశాఖ వారిని తప్పుపట్టుటకు ఇది చెప్పలేదు. గంజాం పొలాలలో కూడ వారి సాయము ఉన్నది. కాని చుట్టూ ఉన్న ఊరు తనదనుకొన్నదానికి, అనుకొననిదానికి తేడా ఇంతకంటె స్పష్టముగా మరెక్కడ కనిపించును? అయితే జింకలు పెరిగిన కొద్దీ పంటనష్టము పెరుగుతుంది. తాతకు వంద జింకల భారము, మనుమనికి వేల జింకల భారము. వాన కథ మనుమనిని ఎన్నాళ్ళు ఆపగలదో మేము చెప్పలేము.

ఊరివారి హక్కును కాగితముమీద వ్రాసియిచ్చిన ఉదాహరణ మన పాత మద్రాసు రాజధానిలోనే ఉన్నది. చెంగల్పట్టు జిల్లా వేడంతాంగళ్ చెరువులో వాలే పక్షులను సిపాయిలు కాల్చుతూంటే ఊరివారు కలెక్టరు లయొనెల్ ప్లేసుతో మొరపెట్టుకొన్నారు. ఆయన 1798లో పక్షులను కాపాడుకొనే హక్కు వారిదేనని కౌలు ఇచ్చినాడు. పక్షుల రెట్టలు కలిసిన చెరువునీరు పొలాలకు ఎరువని ఊరివారికి తెలుసు. కలెక్టరుకు వారు తెలిపినారు. పుణ్యము, పురుషార్థము అక్కడ ఒక్క కాలువలోనే పారినవి. దేశ చట్టములో ఇటువంటి ఊరి కాపుదలకు ‘కమ్యూనిటీ రిజర్వు’ అనే పేరు, స్థానము దొరుకుటకు 2003 దాక పట్టినది. మైసూరు సీమలో మండ్య జిల్లా కొక్కరె బెళ్ళూరు, ఇళ్ళ పెరళ్ళలోని చింతచెట్లమీద గూడబాతులు గూళ్ళు కట్టే ఊరు, ఆ స్థానమును 2007లో పొందినది.

సరిహద్దుకు అటువైపు మన ఇచ్ఛాపురము దగ్గర తేలుకుంచిలో నత్తలు తినే కొంగలు, టెక్కలి దగ్గర తేలినీలాపురములో గూడబాతులు, ఎర్రకాళ్ళ కొంగలు ఊరి నడుమ చెట్లమీదనే పిల్లలను చేస్తవి. సైబీరియా పక్షులు అని అందరూ అంటారు గాని ఇవి మన దేశపు పక్షులే. కోడలిని ఎప్పటికీ పొరుగూరిదానిగా చూచినట్లున్నది ఈ మాట. పక్షులు రాని ఏడు వాన రాదని ఊరి నమ్మకము. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను తేలుకుంచి చెట్లను కూల్చినప్పుడు ఎన్నో పక్షులు చచ్చినవి. చిలికా ఉత్తరపు ఒడ్డున మంగళాజోడిలో కథ తలక్రిందులు: పక్షులను కొట్టి అమ్ముటకు పేరుపడిన ఊరివారే 2000లో పక్షి సంరక్షణ సమితి పెట్టుకొన్నారు. దాగిన పక్షిని కనిపెట్టే కన్ను అదే. నేడు ఆ కంటితోనే యాత్రికులకు పడవలో పక్షులను చూపి బ్రతుకుతున్నారు.

మళ్ళీ ఋషికుల్యకు వద్దాము. 2023లో అక్కడ గుడ్లు పెట్టిన తాబేళ్ళు ఆరు లక్షలు దాటినవని లెక్క. 2024లో గుంపుగా రానేలేదు. పల్లెలు ఫిబ్రవరి అంతా, మార్చి అంతా ఎదురుచూచినవి. ఎందుకు రాలేదో ఒక్కొక్కరు ఒక్కొక్క కారణము చెప్పినారు: తీరపు కోత, ఇసుక వాలు మారుట, గాలి. కాపుగాసినవారికి అది ఇంట శుభకార్యము తప్పిపోయినట్లే. 2025 ఫిబ్రవరిలో వచ్చినవి. దాదాపు ఏడు లక్షలు. ఇంతకుముందు ఎన్నడూ లేనంత.

పొదంపేట మాత్రము అప్పటికి ఉన్నచోట లేదు. సముద్రము ఏటేటా కోస్తూ వచ్చి వీధి తరువాత వీధిని మ్రింగినది. జనము లోపలికి జరిగి, కట్టిచ్చిన కొత్త కాలనీ ఇళ్ళలో ఉంటున్నారు. పాత ఊరిలో కప్పులేని గోడలు, గుమ్మములు కొన్ని ఇసుకలో నిలిచియున్నవి. ఆ గోడల నడుమకు కూడ తాబేళ్ళు ఎక్కి వచ్చి, ఒకప్పుడు వాకిళ్ళుగా ఉన్నచోట గుంటలు త్రవ్వి గుడ్లు పెడుతున్నవి. వాటికి కాపలాకు కాలనీనుండి రాత్రులు మనుష్యులు వస్తారు.